బంక ఆరేదాకా ఆగని మనిషి

మా అమ్మకి బంక ఆరేదాకా ఆగే ఓపిక ఉండేది కాదు. అట్టపెట్టెతో ఏ బొమ్మరిల్లో చేసేది, దానికి తలుపు అతికించేది, రెండు నిమిషాలన్నా ఆగకుండా అంటుకుందా లేదా అని బొటనవేలితో నొక్కి చూసేది, అందుకే ఆవిడ చేసిన ప్రతి వస్తువు మీదా అతుకు దగ్గర ఒక వేలిముద్ర గట్టిపడిపోయి ఉంటుంది. మొన్న ఇల్లు సర్దుతూ లెక్కపెడితే అలాంటివి పదకొండు తేలాయి. ఒక పెన్నుల స్టాండు, ఒక గుడ్లగూబ, రెండు మూడు ఫోటో ఫ్రేములు, ఇంకా ఏమిటో ఎవరికీ అర్థం కాని ఒక వస్తువు, దానికి నాలుగు కాళ్ళూ ఒక గొట్టమూ ఉన్నాయి, ఇదేంటమ్మా అంటే "అది ఏమవ్వాలో అదింకా తేల్చుకోలేదు" అనేది.

అలాంటి మనిషి పోయిన నాలుగో రోజున ఫోటో కింద వేయడానికి నాలుగు లైన్లు కావాల్సొచ్చి అందరం కూర్చున్నాం. పెద్దాయన ఒకరు తడుముకోకుండా "ఓర్పుకు మారుపేరు, త్యాగమూర్తి, మమతల తల్లి" అనేశారు. అందరూ తలూపారు. నేనూ ఊపా, అబద్ధం ఎందుకు. రాత్రి పడుకున్నాక మాత్రం ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఓర్పా? అమ్మకా? లిఫ్టు రావడం ఆలస్యమైతే ఆ బటన్‌తో తగువేసుకునే మనిషికా?

నా గొడవ ఏంటంటే ఆ నాలుగు లైన్లు మా అమ్మవి కావు. పేరు మార్చి ఎవరి ఫోటో కింద పెట్టినా సరిపోతాయి. రెడీమేడ్ బట్టలంటేనే మూతి తిప్పే మనిషికి చివరికి రెడీమేడ్ మాటలు తొడిగాం. ఇంకో సంగతి ఉంది, అది నాకు తట్టడానికి కొన్ని వారాలు పట్టింది. త్యాగమూర్తి అన్న మాట అమ్మ గురించి చెప్తున్నట్టే ఉంటుంది గానీ దాంట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నది మనమే. త్యాగం ఎవరికోసం, మనకోసం. లెక్కంతా మనకెంత ముట్టింది అన్నదే. అదే "మా అమ్మ రెండు చేతులూ వదిలేసి సైకిలు తొక్కేది" అని చూడండి, అందులో మనం లేం, ఆవిడొక్కతే ఉంది, గాలి ఉంది, అంతే.

సైకిలు సంగతి తర్వాత చెప్తా, ముందు మిషన్ గురించి.

మా ఇంట్లో కుట్టు మిషన్ పేరు పెద్దమ్మ. నిజం పెద్దమ్మ కాదు, మిషనే. "పెద్దమ్మకి ఇవాళ మోకాళ్ళ నొప్పులు, నూనె పొయ్యాలి", "పెద్దమ్మ అలిగింది, దారం తెంపుతోంది", "బాబిన్ దాచేసింది చూడు, పెద్దమ్మకి నా మీద కోపం". ఇంటికొచ్చినవాళ్ళు పాపం ఎవరో ముసలావిడ లోపలి గదిలో మంచాన పడి ఉందనుకుని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అమ్మ వాళ్ళకి నిజం చెప్పేది కాదు. ఒకావిడైతే మూడేళ్ళపాటు వచ్చినప్పుడల్లా "మీ పెద్దమ్మగారికి ఎలా ఉందండీ" అని అడుగుతూనే ఉంది.

ఆ మిషన్ మీద నాకు కుట్టినవాటిలో ఒక ఆకుపచ్చ చొక్కా ఉంది. నేను రెండో క్లాసులో ఉండగా మేకు తగిలి దాని జేబు చినిగింది. మామూలుగా అయితే రఫ్ఫు చేసి వదిలేస్తారు. అమ్మ ఆ చినుగునే నోరు చేసేసింది, చుట్టూ ఎర్రదారంతో గొలుసు కుట్టు, పైన రెండు పెద్ద గుండీలు కళ్ళు, అయిపోయింది, కప్ప. లోపల ఎర్రగుడ్డ నాలుక కూడా పెట్టింది, జేబులో చెయ్యి పెట్టి తోస్తే నాలుక బయటికొచ్చేది. నేను క్లాసులో ఎవరన్నా నచ్చకపోతే జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడేవాణ్ణి, అంతే, ఒక్క మాట అనక్కర్లేదు.

ఇంకొకటి, నా లెక్కల పుస్తకం. సంవత్సరం మొదట్లో కొత్త పుస్తకానికి అట్ట వేస్తానని తీసుకెళ్ళి, ప్రతి పేజీ కింది మూల పెన్సిల్‌తో ఒక బుల్లి మనిషిని వేసింది. పేజీలు బొటనవేలితో గబగబా వదిలితే వాడు పరిగెత్తుకుంటూ వచ్చి, టోపీ ఎగరేసి, అది పట్టుకోబోయి, సరిగ్గా భిన్నాల పాఠం మొదలయ్యే పేజీ దగ్గర గుంటలో పడేవాడు. దశాంశాల దగ్గర మళ్ళీ లేచేవాడు. ఇలాంటి పుస్తకాలకి 1868లోనే జాన్ బార్న్స్ లిన్నెట్ అని ఒక ఇంగ్లీషాయన పేటెంట్ తీసుకున్నాడని పెద్దయ్యాక తెలిసింది, వెంటవెంటనే వచ్చే బొమ్మల్ని మన చూపు కలిపేసుకుని కదలికగా చూస్తుంది, సినిమాకీ అదే మూలం. అమ్మకి ఈ చరిత్ర ఏదీ తెలీదు. భిన్నాలంటే నాకు భయమని మాత్రం తెలుసు. వందకి పైగా బొమ్మలు, మేం పడుకున్నాక, ఎన్ని రాత్రులు వేసిందో.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. క్లాసులో ఒక టీచర్ ఆ పుస్తకం అందరికీ చూపించి "మీ అమ్మకి పనేం లేదా" అన్నారు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి అమ్మ మీద పడి ఏడ్చాను, నువ్వు అందరి అమ్మల్లాగా ఎందుకుండవు, నా పరువు తీస్తున్నావు అని. తొమ్మిదేళ్ళవాడికి పరువేంటో! అమ్మ ఏమీ అనలేదు. మర్నాటికి పుస్తకంలో బొమ్మలన్నీ రబ్బరుతో తుడిచేసి ఉన్నాయి. ఎంత జాగ్రత్తగా తుడిచిందంటే పేజీ ఒక్కటీ చిరగలేదు. ఒక్క చోట మాత్రం, రెండు పేజీలు అంటుకుని ఉండటం వల్ల చూసుకోలేదేమో, వాడు మిగిలిపోయాడు. గాల్లో ఉన్నాడు, టోపీ కోసం చెయ్యి చాపి. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. పేజీలు వేగంగా వదిలితే ఏమీ లేదు ఏమీ లేదు ఏమీ లేదు, ఒక్క మెరుపు, మళ్ళీ ఏమీ లేదు.

సరే.

అమ్మ పోయిన వారానికే నేనూ అక్కా ఈ పెద్దమ్మ కథ గుర్తు తెచ్చుకుని పడీ పడీ నవ్వుతుంటే చూసి, నా ఫ్రెండ్ ఒకడు నన్ను పక్కకి తీసుకెళ్ళి "నువ్వింకా డినయల్ స్టేజ్‌లో ఉన్నావురా, ఏడ్చెయ్, తేలికవుతుంది" అన్నాడు. మంచివాడే, నా మేలు కోరే అన్నాడు. కానీ డినయల్ అంటే ఒప్పుకోకపోవడం, తర్వాత కోపం, బేరం, దిగులు, చివరికి ఒప్పుకోవడం అనే ఈ ఐదు స్టేజీల లెక్క ఎంతగా పాకిపోయిందంటే, దుఃఖానికి కూడా ఒక టైంటేబుల్ ఉందనీ నవ్వు దాంట్లో ఏ పీరియడ్‌లోనూ లేదనీ అందరూ నమ్మేస్తున్నారు. ఆ స్టేజీలు రాసిన సైకియాట్రిస్టు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో వాటిని చెప్పింది చావుకి దగ్గరపడిన పేషెంట్లతో మాట్లాడి, వాళ్ళు తమ చావుని ఎలా తీసుకుంటున్నారు అన్న దాని గురించి. వెనక మిగిలిపోయినవాళ్ళకి ఆ లెక్క తర్వాత అంటగట్టారు.

నవ్వు గురించి విడిగా చూసినవాళ్ళు ఉన్నారు. డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అని ఇద్దరు సైకాలజిస్టులు, భర్తనో భార్యనో పోగొట్టుకుని ఆరు నెలలైనవాళ్ళని కూర్చోబెట్టి, పోయిన మనిషి గురించి మాట్లాడించి, మొహాల్ని వీడియోలో క్షుణ్ణంగా గమనించారు, 1997లో ఆ ఫలితాలు వేశారు. మర్యాదకి నవ్వే నవ్వు కాదు, కళ్ళ చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకునే అసలు నవ్వుంటుందే, పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి డాక్టరు డుషెన్ పేరు మీద పిలుస్తారు దాన్ని, అది నవ్వినవాళ్ళలో కోపం, బాధ తక్కువగా కనిపించాయి. నవ్వడం వల్లే బాధ తగ్గిందని దీన్నిబట్టి ఖాయంగా చెప్పలేం, తేరుకున్నవాళ్ళే నవ్వగలిగి ఉండొచ్చు కూడా. కానీ ఆ నవ్వుని పిచ్చి కింద, డినయల్ కింద కట్టేయడం మాత్రం తప్పని తేలుతుంది. మా అమ్మని తలుచుకుని నవ్వకపోతే అసలు ఎవర్ని తలుచుకున్నట్టు?

మనుషుల్ని రెడీమేడ్ మాటల్లో కుక్కేయడం ఎవరో కావాలని చేసే కుట్ర అని నేననను. మా పిన్నినే తీసుకోండి. అమ్మకి సొంత చెల్లెలు, ప్రాణం పెట్టేది. ఆవిడ నోట కప్ప చొక్కా కథ విన్నాను మొన్న. "ఆ రోజుల్లో మా అక్క కొత్తది కొనలేక చినిగిన చొక్కాకే మాసిక వేసి పిల్లాడికి తొడిగింది పాపం, తన కోసం ఏనాడూ ఒక్కటీ కొనుక్కోలేదు" అని కళ్ళు తుడుచుకుంది. కప్ప లేదు! నాలుక లేదు! చొక్కా మిగిలింది, చినుగు మిగిలింది, పాపం వచ్చి చేరింది. పిన్ని అబద్ధం చెప్పట్లేదు, ఆవిడకి అలాగే గుర్తుంది.

జ్ఞాపకం చేసే పనే అది. ఫ్రెడెరిక్ బార్ట్‌లెట్ అని కేంబ్రిడ్జిలో ఒక సైకాలజిస్టు, 1932లో వేసిన పుస్తకంలో దీని మీద చేసిన ప్రయోగాలున్నాయి. ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి ఇంగ్లండు మనుషుల చేత చదివించి, తర్వాత గుర్తున్నంత రాయమన్నాడు, కొన్నాళ్ళాగి మళ్ళీ రాయమన్నాడు, ఒకరు రాసింది ఇంకొకరికిచ్చి చదివించి వాళ్ళచేత రాయించాడు. కథ పొట్టిదైపోయింది. వాళ్ళకి కొత్తగా, వింతగా అనిపించిన ముక్కలన్నీ రాలిపోయాయి, దెయ్యాలు మాయమయ్యాయి, ఆదివాసుల తెడ్డుపడవ మామూలు బోటైపోయింది, సీల్ వేటకి వెళ్ళినవాళ్ళు చేపలు పట్టడానికి వెళ్ళినవాళ్ళయ్యారు. చివరికి మిగిలింది వాళ్ళకి ముందే తెలిసిన కథ లాంటి కథ. మా కప్పకి జరిగింది సరిగ్గా ఇదే, చేతులు మారుతూ మారుతూ అమ్మ కథ కాస్తా అందరికీ ముందే తెలిసిన అమ్మ కథైపోతోంది. ముందు రాలిపోయేవి వింత ముక్కలే, మా అమ్మలో మా అమ్మ ఉన్నది ఆ వింత ముక్కల్లోనే. అందుకే ఇంత కంగారుగా రాసుకుంటున్నా.

ఇదంతా అక్కకి చెప్పి పెద్ద లెక్చర్ దంచాను ఒక రాత్రి ఫోన్‌లో. అక్క అంతా విని, "నీకేంట్రా, నీకు సరదా అమ్మ దొరికింది, ఆ సరదాకి బిల్లు కట్టింది నేను" అంది.

నిజం. నేను రాయకుండా దాటేద్దామనుకున్నది అదే. అక్క టెన్త్ పరీక్షకి ఫీజు కట్టే ఆఖరి రోజున అమ్మ పక్కింటి పిల్లలు వేసే నాటకానికి సింహం తోక తయారు చేస్తూ టైం మర్చిపోయింది. అక్క ఒక్కతే ఏడ్చుకుంటూ వెళ్ళి ఆఫీసులో బతిమాలుకుంది. అప్పట్నించి ఇంట్లో తారీఖులన్నీ అక్కవే, కరెంటు బిల్లు, నా ఫీజులు, నాన్న మందులు, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునేది, పదిహేనేళ్ళ పిల్ల. మొదలుపెట్టి వదిలేసిన పనులు ఇంట్లో ఎన్నో, ఒక చెయ్యి లేని స్వెటర్లు, మూడో మెట్టు దాకా రంగేసిన మెట్లు. "జనం మీ అమ్మ భలే సరదా మనిషి అంటుంటే నాకు గర్వంగానే ఉండేది, దాంతోపాటు కడుపులో మంట కూడా ఉండేది" అంది అక్క. ఇంకా అంది, "నువ్వు త్యాగమూర్తి తీసేసి సరదామూర్తి పెడుతున్నావు, అంతేగా, అదీ ఇంకో స్టాంపే. గోడవైపు తిరిగి పడుకున్న రోజులు నీకు గుర్తులేవా?"

గుర్తున్నాయి. ఏడాదికి నాలుగైదుసార్లు అమ్మ రెండు మూడు రోజులపాటు ఎవరితోనూ మాట్లాడేది కాదు, మిషన్ మీద గుడ్డ కప్పేసి ఉండేది, మేం "పెద్దమ్మ నిద్రపోతోంది" అనుకునేవాళ్ళం. ఎందుకో మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నవ్వించే మనిషికి బాధ ఉండదనుకోవడం మాకు సౌకర్యంగా ఉండింది.

అక్క మాటతో నా వాదన కొంచెం పక్కకి జరిగింది, పడిపోలేదు. త్యాగం అబద్ధమని నేననట్లేదు. పెళ్ళికి ముందు అమ్మ బొమ్మలు వేసేదట, రంగులతో, పెద్దవి. నేను పుట్టాక పదేళ్ళు బ్రష్ ముట్టుకోలేదు. అది త్యాగమే. అయితే ఏం పోయిందో పేరు పెట్టి చెప్పండి, పదేళ్ళ బొమ్మలు పోయాయి, వాటిని ఇక ఎవరూ చూడలేరు అని చెప్పండి. అది నష్టం, దానికి బాధపడాలి. మనం మాత్రం ఆ నష్టాన్ని ఆవిడ మెడలో మెడల్‌లా వేసి చప్పట్లు కొడతాం, చప్పట్ల మోతలో ఎవరివల్ల పోయింది అన్న ప్రశ్న వినపడదు.

టైం అన్నది ఇలాంటి ఆడవాళ్ళకి ఎప్పుడు దొరుకుతుందో చూడండి. స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ అనే పిల్లల రచయిత్రి కూతురు 1941లో జబ్బుపడి పడుకుని, పిప్పి లాంగ్‌స్టాకింగ్ అని తనే ఓ తమాషా పేరు కల్పించి, ఆ పేరున్న పిల్ల కథ చెప్పమని అడిగితే అప్పటికప్పుడు అల్లి చెప్పింది వాళ్ళమ్మ. అది కాగితం మీదికి ఎప్పుడెక్కింది? 1944లో, మంచులో జారిపడి కాలు బెణికి మంచం దిగలేని పరిస్థితి వస్తే! కూతురి పదో పుట్టినరోజుకి రాసిచ్చింది, మర్నాడే... కాదులెండి, మరుసటి ఏడాది అచ్చయింది, ప్రపంచమంతా చదివింది. కాలు బెణక్కపోతే ఏమయ్యేదో. మా అమ్మకి ఎప్పుడూ ఏమీ బెణకలేదు.

చివరి ఏళ్ళలో వేళ్ళ కణుపులు వాచి సూది పట్టడం కష్టమైపోయింది. అప్పుడు నేను ఆనా మేరీ రాబర్ట్‌సన్ మోసెస్ గురించి చెప్పాను, గ్రాండ్‌మా మోసెస్ అంటారే ఆవిడ. అమెరికాలో పొలం పనులు చేసుకున్న మనిషి, ఊలుతో బొమ్మలు కుట్టేది, కీళ్ళనొప్పులతో సూది పట్టలేక డెబ్భై దాటాక బ్రష్ పట్టుకుంది, 1961లో నూట ఒకటో ఏట పోయేదాకా వేస్తూనే ఉంది. పదిమందిని కన్నది, ఐదుగురే బతికారు. నేను ఎంతో స్ఫూర్తిగా ఉంటుందని చెప్పాను ఇదంతా. అమ్మ కాసేపు ఊరుకుని, "పదికాన్పులయ్యాక కూడా మనిషి నిలబడిందంటేనే గొప్పరా, బొమ్మలు దేవుడెరుగు" అంది. మర్నాడు మాత్రం లావు మార్కర్లు ఒక డబ్బా తెప్పించుకుంది. రెండేళ్ళు ఫ్రిజ్ తలుపు మీద బొమ్మలేసి చెరిపేసేది, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. ఫోటో తీసి ఉంచుకోవాలని ఒక్కరికీ తోచలేదు. నాకు తెలిసి ఆ ఫ్రిజ్ మీద వెయ్యికి పైగా బొమ్మలు పుట్టి పోయాయి.

ఇప్పుడు నేను చేస్తున్న పని ఏంటంటే అమ్మని తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి "అమ్మ ఎలాంటిది" అని అడగడం మానేశా. అలా అడిగితే వందకి వందమంది దేవత అంటారు, ఫోన్ పెట్టేస్తారు. "అమ్మ మిమ్మల్ని ఎప్పుడన్నా నవ్వించిందా, ఏం చేసింది" అని అడుగుతా. అవతల ఒక సెకను ఆగుతారు. తర్వాత గొంతు మారుతుంది, చూడండి, భలే ఉంటుంది ఆ మారడం. సైకిలు సంగతి అలాగే తెలిసింది, అమ్మతో చదువుకున్న ఒకావిడ చెప్పారు, వాలు రోడ్డు మీద రెండు చేతులూ వదిలేసి, పైగా జడ అల్లుకుంటూ వెళ్ళేదట. మా ఇద్దరికీ తెలీదిది. మాకు సైకిలు నేర్పినప్పుడు "రెండు చేతులూ గట్టిగా పట్టుకో, వదిలావంటే చంపుతా" అని అరిచింది ఈవిడే.

అక్క చెప్పింది కూడా రాసుకున్నా, ఫీజు సంగతి, సింహం తోక, గోడవైపు తిరిగి పడుకున్న రోజులు. ముందు రాయొద్దంది, తర్వాత తనే తారీఖులు సరిచేసి పంపింది, అక్క కదా.

మొన్న మిషన్ అడుగు డ్రాయర్‌లో ఒక మేజోడు బొమ్మ దొరికింది. అమ్మ మొదలుపెట్టి ఆపేసిన వాటిలో ఆఖరిదై ఉంటుంది, జుట్టు ఉంది, ముక్కు ఉంది, ఒక కన్ను గుండీతో కుట్టి ఉంది, రెండో కన్ను చోట పెన్సిల్‌తో చుక్క మాత్రమే ఉంది. ముక్కు దగ్గర బంక, దాని మీద వేలిముద్ర. గుండీల డబ్బా పక్కనే ఉంది, రెండోది నేను కుట్టేయనా అని అడిగితే అక్క వద్దంది, కారణం చెప్పలేదు. ఇంతలో మా మేనకోడలు దాన్ని చేతికి తొడుక్కుని తిప్పి తిప్పి చూసి, "అమ్మా, దీనికి ఒక కన్నేది?" అంది.

అక్క నోట్‌బుక్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "ఉందే, నీకు కన్ను కొడుతోంది" అంది.